ఆదేశపంక్తిలో తెలుగు పేరు: ప్రాంప్ట్ స్వీయరూపకల్పన - వల్లూరు ప్రాంత స్థలనామాల ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం

కంప్యూటరులో ఆదేశపంక్తిని వినియోగించేవారికి ప్రతి ఆదేశానికి ముందు తెరపై కనిపించే చిన్న సంకేతాన్ని 'ప్రాంప్ట్' అంటారు. వినియోగదారు ప్రస్తుతం ఏ యంత్రంలో, ఏ ఫోల్డరులో ఉన్నాడో అది తెలుపుతుంది. దీనిని ఎవరికి వారు తమ అవసరానికి తగినట్లు మార్చుకోవచ్చు. క్షేత్రసామగ్రిని తెలుగు పేర్లతో భద్రపరచుకొనే పరిశోధకులు ప్రాంప్ట్‌లో తెలుగును చేర్చినప్పుడు పంక్తి చెదరడం, కర్సర్ స్థానం తప్పడం వంటి ఇబ్బందులు ఎదురవుతాయి. ఇందుకు కారణం ఒక వర్ణానికి ఒక గడి అనే పాత ఏర్పాటుకు, తెలుగు అక్షరనిర్మాణానికి మధ్య ఉన్న భేదం. ప్రాంప్ట్ చరిత్రను, నిర్మాణాన్ని సంక్షిప్తంగా పరిచయం చేసి, కడప జిల్లా వల్లూరు పరిసర స్థలనామాలను ఉదాహరణలుగా తీసుకొని ఆ భేదాన్ని లెక్కలతో చూపడం, సురక్షితమైన పద్ధతిని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆదేశపంక్తి, ప్రాంప్ట్, షెల్, యూనికోడ్, అక్షరం, గడి, స్థలనామాలు, వల్లూరు.

1. ఉపోద్ఘాతం

భాషాసాహిత్య పరిశోధనలో కంప్యూటరు వినియోగం నేడు కేవలం టైపుకు పరిమితం కాలేదు. శాసనాల ఛాయాచిత్రాలు, తాళపత్రాల ప్రతిబింబాలు, వక్తల ధ్వనిముద్రణలు, ముద్రిత గ్రంథాల పుటలు వేల సంఖ్యలో ఫైళ్లుగా పోగవుతున్నాయి. వాటి పేర్లను ఒకేసారి మార్చడానికి, నకలు తీయడానికి, టెసరాక్ట్ వంటి ఉపకరణంతో పుటల చిత్రాలనుంచి తెలుగు పాఠాన్ని రాబట్టడానికి ఆదేశపంక్తి ఎంతో అనుకూలమైనది. మౌసుతో ఒక్కొక్క ఫైలును తెరిచి చేయవలసిన పనిని ఒక్క ఆదేశం పూర్తిచేస్తుంది.

అయితే ఆ సౌలభ్యంలోనే ప్రమాదమూ ఉంది. ఆదేశపంక్తిలో తొలగించిన ఫైలు సాధారణంగా చెత్తబుట్టలోకి వెళ్లదు. 'ఈ ఫోల్డరులోని చిత్రాలన్నింటినీ తొలగించు' అనే ఆదేశంలో 'ఈ ఫోల్డరు' ఏదన్నది ఆదేశంలో ఉండదు. దానిని వినియోగదారుకు గుర్తుచేసేది ప్రాంప్ట్ మాత్రమే. నకళ్లున్న ఫోల్డరులో ఉన్నాననుకొని మూలప్రతులున్న ఫోల్డరులో అదే ఆదేశాన్ని ఇస్తే సంవత్సరాల క్షేత్రకృషి క్షణంలో పోతుంది. కాబట్టి ప్రాంప్ట్‌ను తీర్చిదిద్దుకోవడాన్ని అలంకారప్రియత్వంగా కాక, సామగ్రి సంరక్షణలో భాగంగా చూడవలసి ఉంటుంది.

2. చారిత్రక నేపథ్యం

కంప్యూటరు తన సన్నద్ధతను వినియోగదారుకు తెలపడం ప్రాంప్ట్ మొదటి ప్రయోజనం. 1960లలో రూపొందిన మల్టిక్స్ వ్యవస్థలో ఒక ఆదేశం ముగిసిన వెంటనే సన్నద్ధతాసూచకమైన వర్ణంతోపాటు సమయం, ఆ పనికి పట్టిన యంత్రకాలం తెరపై లేదా కాగితంపై వచ్చేవి. తరువాత వచ్చిన యూనిక్స్ ఈ సూచనను ఒకటి రెండు గుర్తులకు కుదించింది. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులోని బోర్న్ షెల్, ప్రాంప్ట్‌ను వినియోగదారు మార్చుకోగలిగిన రెండు చరరాశులలో ఉంచింది. అవి పీఎస్1, పీఎస్2. మొదటిది సాధారణ ప్రాంప్ట్. దాని సహజ విలువ $. రెండవది అసంపూర్తిగా ఉన్న ఆదేశానికి కొనసాగింపును కోరేది. దాని సహజ విలువ >. వ్యవస్థాధికారిగా ప్రవేశించినప్పుడు # గుర్తు కనిపించే సంప్రదాయం కూడా యూనిక్స్ నుంచే వచ్చింది. 1989లో బ్రయన్ ఫాక్స్ విడుదల చేసిన బాష్ షెల్, 1990లో పాల్ ఫాల్‌స్టాడ్ రూపొందించిన జడ్-షెల్ ఈ వారసత్వాన్ని విస్తరించాయి.

వ్యక్తిగత కంప్యూటర్లలో మరొక మార్గం కనిపిస్తుంది. గ్యారీ కిల్డాల్ రూపొందించిన సీపీ/ఎం వ్యవస్థలో డిస్కు పేరైన 'ఎ' అక్షరం, దాని పక్కన > గుర్తు ప్రాంప్ట్‌గా ఉండేవి. 1981నాటి డాస్ దానినే అనుసరించింది. 1983లో వచ్చిన డాస్ 2.0 ఫోల్డరులో ఫోల్డరు ఉండే ఏర్పాటును తెచ్చింది. దానితో డిస్కు పేరు ఒక్కటే చాలని పరిస్థితి ఏర్పడింది. అదే కూర్పులో 'ప్రాంప్ట్' అనే ఆదేశం కూడా వచ్చింది. $ గుర్తు తరువాత 'పీ' రాస్తే ప్రస్తుత మార్గం, 'జీ' రాస్తే > గుర్తు, 'టీ' రాస్తే సమయం కనిపిస్తాయి. ఫోల్డర్ల అంతస్తులు, ప్రాంప్ట్‌ను మార్చుకొనే వీలు ఒకే కూర్పులో రావడం గమనించదగినది. దారులు పెరిగినచోటే దారి చూపే పలక అవసరమవుతుంది.

డాస్ కాలంలో తెలుగును తెరపై చూపడానికి ప్రత్యేక సాధనం కావలసివచ్చేది. కంప్యూటరులో అమర్చే జిస్ట్ కార్డును సి-డాక్ అందించింది. దాని సాయంతో డాస్ పాఠ్యప్రోగ్రాములు భారతీయ లిపులను చూపగలిగాయి. భారతీయ లిపుల సంకేతీకరణకు 1991లో ఇస్కీ జాతీయప్రమాణంగా స్థిరపడింది. అదే సంవత్సరం యూనికోడ్ తొలి కూర్పు వెలువడింది. అందులో తెలుగుకు 128 స్థానాల ఖండం కేటాయించారు. నేడు ప్రాంప్ట్‌లో తెలుగు రాయడానికి ప్రత్యేక కార్డు అవసరం లేదు. యూనికోడ్‌ను ఎరిగిన షెల్, టెర్మినల్, ఒక తెలుగు ఫాంటు ఉంటే చాలు. మిగిలిన చిక్కు సంకేతీకరణలో లేదు, కొలతలో ఉంది.

3. ప్రాంప్ట్ నిర్మాణం

ఈ వ్యాసంలో ఆదేశాల్లోని ఆంగ్లవర్ణాలను వాటి ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వడమైంది. కంప్యూటరులో వాటిని ఆంగ్లంలోనే టైపు చేయాలి.

బాష్‌లో పీఎస్1 విలువగా ఇచ్చిన పాఠమే ప్రాంప్ట్‌గా కనిపిస్తుంది. అందులో సాధారణ వర్ణాలు ఉన్నవి ఉన్నట్లే వస్తాయి. వెనుకగీత (\) తరువాత వచ్చే వర్ణం మాత్రం మరొక విలువకు ప్రతినిధిగా నిలుస్తుంది. వాటిలో పరిశోధకులకు ముఖ్యమైనవి ఇవి:

- చిన్న 'యు': వినియోగదారు పేరు
- చిన్న 'హెచ్': యంత్రం పేరు
- చిన్న 'డబ్ల్యూ': ప్రస్తుత ఫోల్డరు పూర్తి మార్గం
- పెద్ద 'డబ్ల్యూ': ప్రస్తుత ఫోల్డరు పేరు మాత్రమే
- చిన్న 'డి': వారం, నెల, తేదీ
- పెద్ద 'ఎ': ఇరవైనాలుగు గంటల పద్ధతిలో సమయం
- చిన్న 'ఎన్': కొత్త పంక్తి
- $: సాధారణ వినియోగదారుకు $, వ్యవస్థాధికారికి #

పీఎస్1కు కొత్త విలువను నేరుగా టైపు చేస్తే ఆ కిటికీలో మాత్రమే అమలవుతుంది. కిటికీని మూసి తెరిస్తే పాత ప్రాంప్ట్ తిరిగివస్తుంది. ప్రయోగదశలో ఇదే క్షేమం. నచ్చిన రూపాన్ని స్థిరపరచుకోవాలంటే హోం ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే బాష్‌ఆర్‌సీ ఫైలులో చేర్చాలి. ముందుగా ఆ ఫైలుకు నకలు తీసుకోవడం మంచిది. మ్యాక్ కంప్యూటర్లలో 2019నుంచి జడ్-షెల్ సహజషెల్‌గా ఉంది. అందులో వెనుకగీతకు బదులు % గుర్తును వాడతారు. విండోస్ పవర్‌షెల్‌లో 'ప్రాంప్ట్' అనే పేరుతో ఒక ఫంక్షన్ రాసి, అది తిరిగి ఇచ్చే పాఠాన్ని ప్రాంప్ట్‌గా పొందవచ్చు.

రంగులను చేర్చేటప్పుడు ఒక నియమం పాటించాలి. రంగు మార్చే సంకేతాలు తెరపై చోటు తీసుకోవు. వాటిని బాష్‌లో \[ మరియు \] గుర్తుల మధ్య ఉంచాలి. లేకపోతే షెల్ వాటినీ కనిపించే వర్ణాలుగా లెక్కించి పంక్తి పొడవును తప్పుగా అంచనా వేస్తుంది. షెల్ తెరను చూడదు, లెక్కిస్తుంది. ఇకముందు వివరించబోయే తెలుగు చిక్కుకు కూడా మూలం ఈ లెక్కలోనే ఉంది.

4. స్థలనామాలు: రోమన్ లిపిలోనా, తెలుగులోనా?

యంత్రానికి పెట్టే పేరులో ఆంగ్లవర్ణాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే అనుమతించడం సంప్రదాయం. ఫోల్డర్ల పేర్లకు ఈ పరిమితి లేదు. అయినా చాలామంది రోమన్ లిపినే వాడడం కనిపిస్తుంది. ఇందువల్ల కలిగే నష్టం స్థలనామ పరిశోధకులకు వెంటనే తెలుస్తుంది.

వల్లూరు పరిసరాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. 13వ శతాబ్దంలో కాయస్థప్రభువుల రాజధానిగా చరిత్రకెక్కిన వల్లూరు నేడు కడప జిల్లాలో మండలకేంద్రం. పెన్నాతీరాన ఉన్న పుష్పగిరి ఈ మండలంలోనిదే. సమీపంలోని ఎర్రగుంట్ల మండలంలో ఉన్న కలమళ్ల, తెలుగులో లభించిన తొలి శాసనంగా పండితులు పరిగణించే క్రీ.శ. 575 ప్రాంతపు రేనాటి చోళుల శాసనానికి నెలవు. ఆ ఊరి పేరులోని 'ళ్ల' రోమన్ లిపిలో సాధారణంగా రెండు 'ఎల్'లుగా మారుతుంది. వల్లూరులోని 'ల్ల' కూడా అలాగే రాస్తారు. ళకార లకారాల భేదం, హ్రస్వదీర్ఘాల భేదం రెండూ ఫోల్డరు పేరులోనే చెరిగిపోతాయి. పైగా వల్లూరు చివర 'యు' చేర్చి ఒకరు, చేర్చకుండా మరొకరు రాస్తారు. వెదికినప్పుడు ఒకటి దొరికి మరొకటి దొరకదు.

స్థలనామంలోని ప్రతి వర్ణం వ్యుత్పత్తికి ఆధారం కాగల పరిశోధనలో ఇది చిన్న విషయం కాదు. తెలుగు పేరును తెలుగులోనే ఉంచాలనడానికి భాషాభిమానంతోపాటు ఈ శాస్త్రీయ కారణం కూడా ఉంది. ఫోల్డరు పేరు తెలుగులో ఉంటే, ప్రస్తుత ఫోల్డరును చూపే ప్రాంప్ట్‌లోకి తెలుగు తనంత తానే వస్తుంది. అప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకోవడం అవసరం.

5. గడి, అక్షరం: లెక్కలో భేదం

టెర్మినల్ తెర గడుల పట్టిక వంటిది. 1978నాటి వీటీ100 టెర్మినల్‌లో పంక్తికి 80 గడులు, తెరకు 24 పంక్తులు ఉండేవి. 80 అనే సంఖ్యకు ఐబీఎం 1928లో ప్రవేశపెట్టిన 80 నిలువువరుసల రంధ్రపత్రం పూర్వరూపం. ఆంగ్లవర్ణం ఒకటి ఒక గడిలో కూర్చుంటుంది. నేటి టెర్మినల్ ప్రోగ్రాములు ఆ పట్టికనే అనుకరిస్తున్నాయి.

తెలుగులో రాతకు యూనిట్ అక్షరం. యూనికోడ్‌లో నిల్వకు యూనిట్ సంకేతం. 'వల్లూరు' అన్న పదంలో కంటికి కనిపించేవి వ, ల్లూ, రు అనే మూడు అక్షరాలు. నిల్వలో ఉండేవి వ, ల, పొల్లు, ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము అనే ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున మొత్తం 21 బైట్లు.

గడులను లెక్కించడానికి మార్కస్ కూన్ రూపొందించిన పద్ధతి విస్తృతంగా ఆమోదం పొందింది. యూనికోడ్‌లో 'చోటు తీసుకోని గుర్తులు'గా వర్గీకరించినవాటికి ఆ పద్ధతి సున్న గడులు ఇస్తుంది. 'చోటు తీసుకొనే గుర్తుల'కు ఒక గడి ఇస్తుంది. తెలుగులో దీర్ఘం, గుడి, ఎత్వం, ఏత్వం, ఒత్వం, పొల్లు మొదటి వర్గంలో ఉన్నాయి. కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రుసుడి, సున్న రెండవ వర్గంలో ఉన్నాయి. అంటే 'రి' ఒక గడి, 'రు' రెండు గడులు. సంయుక్తాక్షరంలో వత్తుగా మారిన హల్లుకు కూడా ఈ లెక్కలో ఒక పూర్తి గడి దక్కుతుంది. ఈ నియమాల ప్రకారం వల్లూరు ప్రాంత స్థలనామాల లెక్క ఇలా ఉంటుంది:

| స్థలనామం | అక్షరాలు | సంకేతాలు | బైట్లు | గడులు |
|---|---|---|---|---|
| కడప | 3 | 3 | 9 | 3 |
| రేనాడు | 3 | 6 | 18 | 4 |
| కలమళ్ల | 4 | 6 | 18 | 5 |
| వల్లూరు | 3 | 7 | 21 | 6 |
| పుష్పగిరి | 4 | 9 | 27 | 6 |
| పులివెందుల | 5 | 10 | 30 | 8 |
| జమ్మలమడుగు | 6 | 10 | 30 | 9 |
| ప్రొద్దుటూరు | 4 | 12 | 36 | 9 |

పట్టికలో 'కడప' ఒక్కటే అక్షరాలు, సంకేతాలు, గడులు మూడింటిలోనూ సమానంగా ఉంది. గుణింతం, వత్తు లేని పేరు కావడమే అందుకు కారణం. 'వల్లూరు' మూడక్షరాలకు ఆరు గడులు, 'ప్రొద్దుటూరు' నాలుగక్షరాలకు తొమ్మిది గడులు పొందాయి. 'ఊరు' అంతంగా గల పేర్లలో కొమ్ముదీర్ఘం, కొమ్ము రెండూ ఉండడంవల్ల ఈ భేదం క్రమంగా కనిపిస్తుంది. రాయలసీమలోనేకాక తెలుగునేల అంతటా అత్యంత విరివిగా ఉన్న నామాంతాలలో అది ఒకటి కావడం గమనార్హం.

6. చిక్కు ఎక్కడ వస్తుంది?

షెల్, టెర్మినల్ రెండూ వల్లూరుకు ఆరు గడులేనని అంగీకరిస్తే పని చెడదు. రూపం మాత్రం చెడుతుంది. మూడక్షరాల పేరు ఆరు గడుల చోటులో పరచుకొని మధ్యలో ఖాళీలు కనిపించవచ్చు. ఒక్కొక్క గడిని విడిగా గీసే టెర్మినళ్లలో వత్తు హల్లునుంచి విడిపోయి, పొల్లు బయటపడి కనిపించవచ్చు.

రెండింటి లెక్క వేరైనప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. కొత్తగా వచ్చిన కొన్ని ప్రోగ్రాములు 'చోటు తీసుకొనే గుర్తుల'కు కూడా సున్న గడులే ఇస్తున్నాయి. ఆ లెక్కలో వల్లూరు నాలుగు గడులు. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1, పాఠాన్ని అక్షరఖండాలుగా విభజించే నియమాలను సవరించి, తెలుగు సహా కొన్ని భారతీయలిపుల సంయుక్తాక్షరాలను విడదీయరానివిగా గుర్తించింది. అంతకుముందు 'ల్లూ' రెండు ఖండాలు, ఇప్పుడు ఒకటి. అంటే నేడు వాడుకలో ఉన్న ప్రోగ్రాములలో ఒకే పేరుకు ఆరు, నాలుగు, మూడు అనే మూడు కొలతలు సాధ్యం.

షెల్ ప్రాంప్ట్‌కు ఆరు గడులనుకొని, టెర్మినల్ నాలుగే వాడిందనుకొంటే, వినియోగదారు టైపు చేసే ఆదేశం ప్రారంభస్థానం రెండు గడులు తేడాగా ఉంటుంది. పాత ఆదేశాన్ని పైబాణం మీటతో పిలిచి సవరించేటప్పుడు షెల్ కర్సర్‌ను తన లెక్క ప్రకారం ఫలానా గడికి పంపి అక్కడినుంచి తుడుస్తుంది. లెక్క తప్పితే పాత ఆదేశంలోని ఒకటి రెండు వర్ణాలు తెరపై మిగిలిపోతాయి, లేదా ఉండవలసినవి తుడిచిపెట్టుకుపోతాయి. తెరపై కనిపించే ఆదేశం ఒకటి, యంత్రం అమలుచేసే ఆదేశం మరొకటి అవుతుంది. తొలగింపు వంటి ఆదేశాల విషయంలో ఈ వ్యత్యాసం ప్రమాదకరం. దారి తప్పకుండా ఉండేందుకు పెట్టుకున్న గుర్తే పొరపాటుకు కారణమవుతుంది.

ఇటువంటి కొలతలోపాలు ఆదేశపంక్తికే పరిమితమైనవి కావు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరానికి సంబంధించిన ఒక ప్రత్యేక సంకేతక్రమం వచ్చిన సందేశాన్ని తెరిచినప్పుడు ఐఫోన్లలో అనువర్తనాలు కూలిపోయేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 కూర్పులో దానిని సరిచేసింది. తెలుగు అక్షరనిర్మాణంలోని ప్రతి సంయోగాన్నీ పరీక్షించకుండా వదిలితే ఎంత పెద్ద సంస్థ ఉత్పత్తిలోనైనా లోపం మిగిలిపోతుందనడానికి ఇది నిదర్శనం.

7. పరిష్కారం: రెండు పంక్తుల ప్రాంప్ట్

టెర్మినళ్లన్నీ ఒకే కొలతకు వచ్చేవరకు వేచి ఉండనవసరం లేదు. షెల్ పనితీరులోనే ఒక మార్గం ఉంది. బాష్‌లో పంక్తిని సవరించే రీడ్‌లైన్ అనే భాగం, ప్రాంప్ట్ ఒకటికంటే ఎక్కువ పంక్తులలో ఉంటే, చివరి పంక్తినే ఆదేశం ప్రారంభస్థానానికి ఆధారంగా తీసుకొంటుంది. పై పంక్తిని ముందుగా ముద్రించి వదిలేస్తుంది. కాబట్టి తెలుగు పేర్లన్నింటినీ పై పంక్తిలో ఉంచి, కింది పంక్తిలో ఒక $ గుర్తును, ఒక ఖాళీని మాత్రమే ఉంచితే, తెలుగు కొలతలో వచ్చే తేడా ఆదేశాన్ని తాకదు. పీఎస్1లో సమయం, మార్గం, వెనుకగీతతో చిన్న 'ఎన్', ఆపై $ అనే క్రమంలో రాస్తే ఫలితం ఇలా ఉంటుంది:

10:45 ~/శాసనాలు/01-వల్లూరు
$

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో $ తరువాత అడుగుగీత (_) రాస్తే కొత్త పంక్తి వస్తుంది. పవర్‌షెల్ ఫంక్షన్‌లోనూ రెండు పంక్తుల పాఠాన్ని ఇవ్వవచ్చు. జడ్-షెల్‌లో పంక్తి కుడిచివర కనిపించే ప్రాంప్ట్‌కు కూడా వీలుంది. చూడడానికి అందంగా ఉన్నా తెలుగుకు అది తగదు. కుడి అంచుకు జరపడం పూర్తిగా గడుల లెక్కపై ఆధారపడిన పని.

తెలుగు సంకేతాలలో కొన్నింటిని \[ \] గుర్తుల మధ్య దాచి షెల్ లెక్కను సరిచేయవచ్చు కదా అన్న సందేహం కలగవచ్చు. ఒక టెర్మినల్‌లో సరిపోయిన సవరణ మరొక టెర్మినల్‌లో తప్పవుతుంది. ఫోల్డరు మారిన ప్రతిసారీ పేరు మారుతుంది గనుక చేతితో చేసిన సవరణ నిలవదు. పంక్తిని వేరుచేయడమే కొలతతో నిమిత్తం లేని మార్గం.

దీనికి తోడు పాటించదగిన ఏర్పాట్లు మరికొన్ని ఉన్నాయి.

ఫోల్డర్ల పేర్లముందు '01-వల్లూరు', '02-పుష్పగిరి', '03-కలమళ్ల' అని అంకెలు చేర్చుకొంటే, ఆదేశంలో 01 టైపు చేసి ట్యాబ్ మీట నొక్కగానే మిగిలిన తెలుగు పేరును షెల్ పూరిస్తుంది. కీబోర్డును ఆంగ్లంనుంచి తెలుగుకు మార్చే శ్రమ ఉండదు. పేరులో లిపి చెడదు.

మార్గం పొడవుగా ఉంటే బాష్ 4.0నుంచి ఉన్న 'ప్రాంప్ట్_డిర్‌ట్రిమ్' అనే చరరాశికి 2 విలువ ఇస్తే చివరి రెండు ఫోల్డర్ల పేర్లే కనిపిస్తాయి.

వ్యవస్థలో కాలసంబంధమైన భాషాస్థితిని తెలుగుకు మార్చుకొంటే వెనుకగీతతో చిన్న 'డి' ద్వారా వారం, నెల పేర్లు తెలుగులో వస్తాయి. వీటినీ పై పంక్తిలోనే ఉంచాలి.

మూలప్రతులున్న డిస్కులోకి ప్రవేశించినప్పుడు పై పంక్తి ఎరుపురంగులో కనిపించేలా చేసుకోవడం మంచిది. ప్రతి ప్రాంప్ట్‌కు ముందు ఒక చిన్న ఆదేశాన్ని నడిపే వీలు బాష్‌లో ఉంది. ప్రస్తుత మార్గం మూలప్రతుల డిస్కుదైతే రంగు మార్చమని అందులో రాయవచ్చు.

8. ప్రాంప్ట్ చూపలేని భేదాలు

ప్రాంప్ట్‌లో పేరు సరిగా కనిపించినంతమాత్రాన పేరు ఒకటేనని చెప్పలేము. తెలుగు ఖండంలో ఐత్వం ఒక్కదానికే యూనికోడ్ రెండు సమానరూపాలను గుర్తించింది. ఐత్వాన్ని ఒకే సంకేతంగా నిల్వ చేయవచ్చు. ఎత్వం, దాని కిందిగుర్తు అనే రెండు సంకేతాలుగానూ నిల్వ చేయవచ్చు. కడప జిల్లా స్థానికచరిత్రపై పనిచేసేవారికి నిత్యపరిచితమైన 'కైఫీయత్తులు' అన్న పదం మొదటి పద్ధతిలో 11 సంకేతాలు, 33 బైట్లు; రెండవ పద్ధతిలో 12 సంకేతాలు, 36 బైట్లు. మ్యాక్ పాత ఫైలువ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలో నిల్వచేసేది. అటువంటి డిస్కునుంచి లినక్స్‌కు తెచ్చిన ఫోల్డరు, అక్కడే సృష్టించిన ఫోల్డరు పక్కపక్కన ఒకే పేరుతో కనిపిస్తాయి. ప్రాంప్ట్ రెండింటికీ ఒకే రూపం చూపుతుంది. యంత్రానికి అవి రెండు.

మరొక పరిమితి పేరు పొడవుకు సంబంధించింది. లినక్స్‌లో సాధారణ ఫైలువ్యవస్థలు ఒక పేరుకు 255 బైట్లు అనుమతిస్తాయి. తెలుగులో అది 85 సంకేతాలు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 తెలుగు సంకేతాల వరకు వీలుంది. వ్యాసం పూర్తి శీర్షికనే ఫైలు పేరుగా పెట్టే అలవాటు ఉన్నవారి ఫైళ్లు విండోస్‌నుంచి లినక్స్‌కు నకలు చేసేటప్పుడు నిరాకరణకు గురికావచ్చు. కొన్ని వందల ఫైళ్లలో రెండు మూడు ఆగిపోతే గమనించడం కష్టం. ముందు ఇచ్చిన ఆదేశం విఫలమైతే దాని ఫలితసంఖ్యను పై పంక్తిలో చూపేలా ప్రాంప్ట్‌ను మార్చుకోవడం ఇక్కడ ఉపకరిస్తుంది. బాష్‌లో $? ఆ సంఖ్యను ఇస్తుంది. సున్న అయితే సాఫల్యం. మరే సంఖ్య అయినా వైఫల్యం.

9. ముగింపు

హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రంగంలో కృషిచేస్తున్న 'స్వేచ్ఛ' వంటి సంస్థలవల్ల, స్వచ్ఛంద అనువాదకులవల్ల కంప్యూటరు మెనూలు, సందేశాలు చాలావరకు తెలుగులోకి వచ్చాయి. ప్రాంప్ట్ విషయం వేరు. అందులో అనువదించవలసిన వాక్యం లేదు. వినియోగదారు తన ఫోల్డర్లకు ఏ పేర్లు పెట్టుకొంటే అవే అందులో కనిపిస్తాయి. కాబట్టి ప్రాంప్ట్‌లో తెలుగు ఉండడం, ఉండకపోవడం పరిశోధకుల నామకరణ పద్ధతినిబట్టి ఉంటుంది.

పైన చేసిన పరిశీలననుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. తెలుగు స్థలనామాన్ని రోమన్ లిపిలో ఉంచితే ళకార లకారాల వంటి పరిశోధనోపయోగి భేదాలు పోతాయి. తెలుగులో ఉంచితే అక్షరానికి, గడికి మధ్య ఉన్న భేదంవల్ల ఒకే పంక్తిలోని ప్రాంప్ట్ ఆదేశాన్ని చెదరగొట్టగలదు. తెలుగును పై పంక్తిలోనూ, ఆదేశాన్ని కింది పంక్తిలోనూ ఉంచితే లిపిని వదులుకోకుండానే ఆ ప్రమాదాన్ని తప్పించవచ్చు.

టెర్మినల్ ప్రోగ్రాములు అక్షరాన్ని యూనిట్‌గా గుర్తించే దిశలో మారుతున్నాయి. ఆ మార్పును పరీక్షించడానికి తెలుగు పదాల జాబితాలు, అవి ఆక్రమించవలసిన చోటు గురించిన స్పష్టమైన నిర్దేశాలు కావాలి. వత్తులు, గుణింతాలు, సున్న, ఐత్వం అన్నీ కలిసివచ్చే స్థలనామాలు అటువంటి జాబితాకు సహజమైన ముడిసరుకు. భాషాశాస్త్ర విభాగాలు, కంప్యూటరు విభాగాలు కలిసి ఒక్కొక్క మండలం స్థలనామాలను పైపట్టిక పద్ధతిలో లెక్కించి, వివిధ టెర్మినళ్లలో పరీక్షించి ఫలితాలను నమోదు చేయవచ్చు. వల్లూరు మండలం అందుకు తగిన ప్రారంభస్థానం కాగలదు.